సూరో నెలలో ఇల్లు మారినవాళ్ళం

ఆ ఉత్తరాన్ని మా ఇంటికి తెచ్చింది మా నాన్నే.

పొద్దున్న ఎనిమిది దాటింది. బేరం అయిపోయింది. కుండ అడుగున అంటుకున్న పనస ముక్కల్ని గరిటెతో గీకుతున్నాను. గేటు బయట ఎవరో చిన్నగా దగ్గారు. చూద్దును కదా, నాన్న! చారల చొక్కా, తలకి బిగించి కట్టిన బాతిక్ గుడ్డ, నడుం వెనక దోపిన కత్తి, చెప్పుల్లేని కాళ్ళు. కోటలో పనికి వెళ్ళేటప్పుడు రోజూ వేసుకునే వేషమే. కానీ రోజూ పక్క సందులోంచి వంటింటి తలుపు తోసుకుని వచ్చే మనిషి, ఇవాళ వీధి గేటు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇంటివారు ఉన్నారాండీ?" అన్నాడు.

"ఏంటి నాన్నా ఈ వేళాకోళం? లోపలికి రా."

రాలేదు. నా వైపు కాకుండా నా తల మీదుగా ఎటో చూస్తూ, "కోట నుంచి వర్తమానం తెచ్చానండీ. ఇంటివారు నిలబడి వినాలి," అన్నాడు.

గరిటె చేతిలో ఉండగానే నిలబడ్డాను. నాన్న ఉత్తరం విప్పి, కోటలో మాట్లాడే ఆ మెత్తటి పెద్దభాషలో చదివాడు. ఏలినవారి తాతగారు దయతో వాడుకోమన్న గోడవార స్థలాన్ని తిరిగి ఏలినవారికి సమర్పించుకునే భాగ్యం మాకు కలిగిందట. సూరో నెల పదో తారీఖు లోపల ఆ భాగ్యం పూర్తి చేసుకోవాలట. ఇల్లు ఖాళీ చెయ్యమన్న మాట ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు. చదివి, మడిచి, రెండు చేతులతో అందించి, తల వంచి వెళ్ళిపోయాడు.

రెండు నిమిషాలకి వంటింటి తలుపు తోసుకుని వచ్చాడు. కత్తి తీసి గోడకి తగిలించి, పీట మీద చతికిలబడ్డాడు. "టీ ఉందా తల్లీ? గొంతు ఎండిపోయింది. పదకొండిళ్ళు చదివాను," అన్నాడు. ఏడవాలో నవ్వాలో తెలియక టీ పెట్టాను.

మా పదకొండిళ్ళూ కోట బయటి గోడకి వీపు ఆనించి ఉండేవి. స్థలం కోటది. కప్పూ గోడలూ మావి. మా తాతకి ఇచ్చిన అనుమతి పత్రం మా ముందుగదిలో అద్దం కట్టి ఉండేది. "అడిగిన రోజున మారుమాట లేకుండా తిరిగి ఇచ్చుకుంటాను" అన్న వాక్యం కింద తాత వేలిముద్ర. చిన్నప్పుడు నేను ఆ వేలిముద్ర చూసి మురిసిపోయేదాన్ని. ఇప్పుడు అక్కడ యాత్రికుల బస్సులు నిలుపుతారట. పదకొండిళ్ళకీ తెలిసిన మొహం అయితే ఎవరూ గొడవ చెయ్యరని, కోట పూలగదిలో పళ్ళేలు కట్టుకునే మా నాన్న చేతికి ఉత్తరాలిచ్చి పంపారు.

నాన్న అసలు పేరు సుకిది. కోటలో చేరినప్పుడు వాళ్ళు పెట్టిన పేరు రెక్సో వినోతో. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా పూజలకీ మొక్కులకీ పూల పళ్ళేలు కట్టడం ఆయన పని. జీతమని ఇచ్చేది రెండు పూటల కూరకి చాలదు. నాన్న దాన్ని ఖర్చు పెట్టడు, బియ్యం కుండలో వేస్తాడు. ఆ కుండ ఎప్పుడూ ఖాళీ అవదంటాడు. అవదు మరి, నేను నింపుతున్నాను కదా.

నాకు పోతే పోనీ అనలేని వస్తువు ఆ ఇంట్లో ఒక్కటే ఉంది. మా అమ్మ కట్టిన మట్టి పొయ్యి. గుదెగ్ అంటే లేత పనసకాయని కొబ్బరిబెల్లం, టేకాకు వేసి ఒక పూటంతా మగ్గబెట్టాలి. గ్యాసు మీద ఆ రంగు రాదు, ఆ రుచీ రాదు. కోటకి వెళ్ళే జనం ఆ గోడవార దారిలోనే నడుస్తారు కాబట్టి పొద్దున్నే నా కుండ ఖాళీ అయ్యేది. ఆ పొయ్యి, ఆ దారి రెండూ పోతే నేను చెయ్యగలిగిన పని ఇంకోటి లేదు.

మూడోరోజు సాయంత్రం అందరూ మా అరుగు మీద చేరారు. మా ఆయన గియాంతో మోటర్ సైకిల్ మీద మనుషుల్ని దింపి వస్తుంటాడు. ఎక్కడ పట్టుకున్నాడో, ఒక లాయరమ్మాయిని వెంటబెట్టుకొచ్చాడు. పేరు దమయంతి.

"స్థలం మీదని నేను అనట్లేదండీ. కోటదే," అందా అమ్మాయి. "కానీ అరవయ్యేళ్ళ నుంచి ఉన్నవాళ్ళని ఇంత తక్కువ గడువులో పొమ్మనడానికి లేదు. ఈ కాయితం మీద పదకొండిళ్ళవాళ్ళూ సంతకం పెడితే కోర్టులో వేస్తాను. విచారణ తేలేదాకా ఒక్క పెంకు కదపలేరు. కానీ అందరూ పెట్టాలి. ఈ నెలాఖరు దాటితే నేనేం చెయ్యలేను."

అందరూ నాన్న మొహం చూశారు.

"కోట మీద కేసామ్మా?" అన్నాడు నాన్న మెల్లగా.

"కోట మీద కాదు బాబాయిగారూ. ఆ ఉత్తరం మీద."

"ఉత్తరం చదివింది నేనే కదమ్మా."

"అదే కదన్నా మా ఖర్మ!" అన్నాడు పొనిది బాబాయి. మా పక్కింట్లో సైకిళ్ళు బాగుచేస్తాడు. నోరు ఊరుకోదు. "వేరేవాడు చదివుంటే సైకిల్ పంపు పుచ్చుకుని తరిమేవాణ్ణి. నువ్వొచ్చి 'ఇంటివారు నిలబడి వినాలి' అంటే, లుంగీ సర్దుకుని నిలబడ్డాను."

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వి, తర్వాత చెయ్యెత్తాడు.

"గడువు ఏ నెలలో పెట్టారో ఎవరైనా చూశారా? సూరోలో. కొత్తేడు మొదటి నెల. సూరోలో మనం పెళ్ళి చేస్తామా? గోడ కడతామా? కోడిగూడు కూడా ఇక్కణ్ణించి అక్కడికి మార్చం. ఎవరు నేర్పారు మనకి? కోటే నేర్పింది. ఆ నెల కోటది. అలాంటి నెలలో మనల్ని కదుపుతారా? కదపాలనుకుంటే ముందు నెలే పెట్టేవారు. బస్సులవాళ్ళు అడిగారు కాబట్టి పైకి ఉత్తరం పంపారు. సూరోలో పెట్టారంటే, 'మీరు కంగారుపడకండి' అని మనకి చెప్పడం. కోట మాట అలాగే ఉంటుంది. నోటితో చెప్పదు."

"మామయ్యా, బుల్డోజర్ నడిపేవాడు పంచాంగం చూస్తాడా?" అన్నాడు గియాంతో.

"వాడు చూడకపోతే పంపేవాళ్ళు చూస్తారు అల్లుడూ."

ఎవరో భూకంపం నాటి సంగతి ఎత్తారు. ఊళ్ళో ఇళ్ళన్నీ కూలినప్పుడు కోట వంటశాల నుంచి మూడు వారాలు అన్నం వచ్చింది. ఇంకెవరో పండగకి కోట జనానికి పంచిపెట్టే అన్నపు కొండ గుర్తుచేశారు. నాకూ గుర్తొచ్చింది. నా కూతురు కడుపులో అడ్డం తిరిగినప్పుడు కోటలో ఏటా పాత రథం కడిగిన నీళ్ళు నాన్న తెస్తే అవే తాగాను, మంత్రసాని ఇచ్చిన గ్లాసు పక్కన పెట్టి మరీ. పిల్ల ఇప్పుడు బాతం దీవిలో ఫ్యాక్టరీలో పనిచేస్తోంది.

పొనిది బాబాయి కలం తీసుకుని, తిప్పి తిప్పి చూసి, కింద పెట్టేశాడు. "సుకిదన్న ముప్ఫై ఎనిమిదేళ్ళు ఉన్నాడు లోపల. మనకేం తెలుసు?" అన్నాడు.

"మీరు పెట్టండక్కా. మీరు పెడితే వాళ్ళూ పెడతారు," అంది దమయంతి, కలం తీసి నా చేతిలో పెడుతూ.

కలం నా చేతిలోనే ఉంది. నాన్న నావైపు చూడలేదు. తన కాలి బొటనవేలు చూసుకుంటున్నాడు. కోటలో పనిచేసేవాడి కూతురే మొదటి సంతకం పెట్టిందంటే, రేపు ఆ మనిషి ఆ గేటులోంచి ఎలా వెళ్తాడు అనిపించింది. "రెండ్రోజులాగి చెప్తానమ్మా," అన్నాను. ఇవాళ్టికీ ఆ మాట తల్చుకుంటే నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

మర్నాడు నాన్న కోటలో భూముల వ్యవహారం చూసే దొరగారి దగ్గరికి వెళ్ళొచ్చాడు. ఆయన రాజబంధువు, మెత్తటి మనిషి.

"అడిగావా నాన్నా?"

"అడిగాను. సూరోలో మావాళ్ళని ఇబ్బంది పెట్టరు కదా బాబూ అన్నాను."

"ఏమన్నారు?"

"నవ్వారు. టీ ఇప్పించారు."

"నవ్వితే?"

"ఆ నవ్వు నాకు తెలీదా తల్లీ? ఇన్నేళ్ళు చూశాను."

దమయంతి ఇంకో మూడుసార్లు వచ్చింది. మూడోసారి టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది. నెలాఖరు దాటింది.

సూరో వచ్చింది. గాలికి బూరుగు కాయలు పగిలి, దూది గోడవారంతా ఎగురుతోంది. నేను కుండల మీద గుడ్డ కప్పుకుని అమ్ముతున్నాను. పదో తారీఖు ఎలా వచ్చిందో అలాగే పోయింది. ఎవరూ రాలేదు. పదకొండో తారీఖు సాయంత్రం పొనిది బాబాయి లవంగం సిగరెట్ల పెట్టె పట్టుకుని వచ్చి, నాన్న ముందు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో అందించాడు.

"రెక్సో వినోతోగారూ! పామరుణ్ణి, తమర్ని అనుమానించాను. మన్నించాలి."

"లేవరా వెధవా," అన్నాడు నాన్న. సిగరెట్లు తాగడు. అయినా ఒకటి వెలిగించి, దగ్గుతూ, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాడు. అంత సంతోషంగా నాన్న మళ్ళీ కనపడలేదు.

అదే సాయంత్రం అన్నం తింటూ, "రేపు రథం కడిగే రోజు కదా. ఎప్పుడూ రెండు పళ్ళేలే కట్టమంటారు. ఈసారి మూడు కట్టించారు," అన్నాడు.

"మూడోది దేనికి?"

"బయటికట. మనం అడక్కూడదు." ఇంకో ముద్ద తిన్నాడు. "మూడోదే బాగా కుదిరింది."

మర్నాడు శుక్రవారం. సూరోలో వచ్చే ఆ శుక్రవారం కోటలో పాత రథాన్ని కడుగుతారు. ఏలినవారి ముత్తాతలు ఎక్కిన రథం. కడిగిన నీళ్ళ కోసం ఊరూరి నుంచి జనం వస్తారు. పొలంలో చల్లుకుంటారు, కొట్టు ముందు చల్లుకుంటారు, ఒంటికి రాసుకుంటారు. ఆ ఏడు మా పదకొండిళ్ళవాళ్ళం ఒక్కరం కూడా మిగలకుండా వెళ్ళాం. ఇళ్ళ చుట్టూ చల్లితే ఇక ఎవరూ వాటి జోలికి రారని మా నమ్మకం. నేను అయిదు లీటర్ల నూనె క్యాను కడిగి పట్టుకెళ్ళాను. గియాంతో మాత్రం, "మీ రథం నాకేం పెట్రోలు పోస్తుందా?" అని పడుకున్నాడు.

తాడు కట్టిన అవతల రథం, నాన్న, ఇంకో ఎనిమిది మంది ముసలివాళ్ళు. నాన్న వెనక చక్రం దగ్గర కూర్చుని, దాని ఆకుల మధ్య మురికిని తడిగుడ్డతో తుడుస్తున్నాడు. జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. పొనిది బాబాయి అప్పటికే సీసా నింపుకుని తల మీద ఎత్తి పట్టుకున్నాడు. నా ఫోను మోగింది.

"మిషను వచ్చింది," అన్నాడు గియాంతో. వెనక పెద్ద చప్పుడు. "సామాన్లు బయట పెట్టేస్తున్నారు. మీరంతా అక్కడ ఏడుస్తున్నారు! త్వరగా రా."

పక్కనే ఉన్న బాబాయికి చెప్పాను. సీసాతో సహా వెనక్కి తిరిగి పరిగెత్తాడు. ఒకళ్ళ నుంచి ఒకళ్ళకి పాకి, మావాళ్ళంతా జనాన్ని తోసుకుంటూ వెళ్ళిపోయారు. కోటలో గట్టిగా అరవకూడదు. నేను తాడు దాకా దూరి, వంగి, "నాన్నా. మిషను వచ్చింది. మన ఇంటికి," అన్నాను.

నాన్న విన్నాడు. గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగింది. మండపం మెట్ల మీద, గొడుగు కింద, భూములు చూసే దొరగారు నిలబడి ఉన్నారు. నాన్న ఆయన వైపు చూశాడు. ఆయన నవ్వారు.

నాన్న ఇటు తిరిగి, "చక్రం సగమే అయిందమ్మా," అన్నాడు. తర్వాత నా చేతిలో క్యాను తీసుకున్నాడు. చక్రం కింద పెట్టిన ఇత్తడి గంగాళంలోంచి తనే నింపి, మూత బిగించి, రెండు చేతులతో ఇచ్చాడు. "తొణక్కుండా పట్టుకెళ్ళు."

నేను వెళ్ళేసరికి చివరి రెండిళ్ళు లేవు. సామాన్లన్నీ రోడ్డుకి అవతల వరసగా పేర్చి ఉన్నాయి. పనివాళ్ళు దేన్నీ విరగ్గొట్టలేదు. మా అద్దం కట్టిన పత్రాన్ని పరుపు మీద పడుకోబెట్టారు. తల మీద హెల్మెట్ ఉన్న మేస్త్రీ నాకు ఎదురొచ్చి దణ్ణం పెట్టాడు.

"మామీద కోపం పెట్టుకోకమ్మా. సూరోలో పనంటే మాకూ భయమే. మేము రామనే అన్నాం. దోషం లేకుండా కోట నుంచే పూజ చేయించి పంపారు. అదిగో."

మిషను ముందు నేల మీద పూల పళ్ళెం ఉంది. గులాబీ, మల్లె, సంపెంగ. అరిటాకు అంచుకి అందరూ రెండు పుల్లలు గుచ్చుతారు. దీనికి మూడున్నాయి. మధ్యలో మొగలిరేకులాంటి పందాన్ ఆకుతో చిన్న ముడి. ఆ ముడి వెయ్యడానికి అంత సేపు ఎందుకని మా అమ్మ నాన్నని బతికున్నన్నాళ్ళూ ఏడిపించేది.

నాన్న చెప్పిన మూడో పళ్ళెం. నాన్న రాకముందే దాన్ని ఎక్కడైనా పారేద్దామనుకున్నాను. వంగబోతే మేస్త్రీ బతిమాలాడు. "దాన్ని కదపకమ్మా, నీకు పుణ్యముంటుంది. నాకు పిల్లలున్నారు."

నాన్న మధ్యాహ్నం ప్రార్థన వేళకి వచ్చాడు, చక్రం పూర్తి చేసి. అదే చారల చొక్కా, మోకాళ్ళ దాకా తడి. అప్పటికి పొనిది బాబాయి ఇల్లు కూడా పోయింది. ఆ కంగారులో బాబాయి నీళ్ళ సీసా ఎక్కడో పగిలింది. నాన్న కూలిన ఇళ్ళని ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చి పళ్ళెం దగ్గర ఆగాడు. మిషను అదురుకి ఒక మల్లెచెండు పక్కకి జారింది. నాన్న వంగి దాన్ని సరిచేశాడు.

"రెక్సో వినోతోగారూ!" అన్నాడు పొనిది బాబాయి. "కోడిగూడు కూడా మార్చంగా సూరోలో! మా చేతిలో కలం లాగేసుకున్నావు కదయ్యా!"

మిషను మా వంటింటి మీదికి వచ్చింది. పొయ్యి ఒక్క దెబ్బకే కూలింది. లోపల నిన్నటి బూడిద పైకి లేచింది. నేను ఏడవలేదు. అమ్మ పోయిన రోజు కూడా వెంటనే ఏడవలేదు.

కోటవాళ్ళు కానుక పేరుతో ఇంటికొక డబ్బు కవరు పంపారు. మసీదు వసారాలో మూడు రోజులున్నాం. గియాంతో ఏటి అవతల ఇరుకు సందులో ఒక అద్దె గది చూశాడు. మిగతావాళ్ళూ ఆ సందులోనే, ఆ వెనక సందులో సర్దుకున్నారు. ఆ మూడు రోజులూ మావాళ్ళెవరూ నాన్నని పలకరించలేదు. ఆయన కూర్చున్న చాప వైపు కాళ్ళు పెట్టి పడుకున్నారు.

సామాన్లు గదిలో పెట్టాక చూస్తే నాన్న గడప బయటే నిలబడి ఉన్నాడు.

"లోపలికి రా నాన్నా."

"సూరో ఇంకా అవలేదు," అన్నాడు.

"మామయ్యా, రోడ్డు మీదుంటే మాత్రం అది సూరో కాదా?" అన్నాడు గియాంతో. నాన్న కదల్లేదు. ఎండ నడినెత్తిన ఉంది. డెబ్బై దాటిన మనిషి.

క్యాను మూల ఉంది. నింపినప్పటి నుంచి మూత తియ్యలేదు. మసీదు దగ్గరే ఆ నీళ్ళని మురిక్కాలవలో కుమ్మరిద్దామని రెండుసార్లు లేచాను. మమ్మల్ని రోడ్డు మీద పడేసిన కోట నీళ్ళవి. నాకు కోట మీద కోపం, ఆ నవ్వు మీద కోపం, నాన్న మీద కోపం, కలం పట్టుకుని కూడా సంతకం పెట్టని నా చేతి మీద అన్నిటికంటే ఎక్కువ కోపం. రెండుసార్లూ లేచి, రెండుసార్లూ కూర్చున్నాను. ఎందుకంటే మేము సూరోలో ఇల్లు మారుతున్నాం. నాకు భయమేసింది.

మూత తీసి, దోసిట్లో పోసుకుని, గడప మీద చల్లాను. నాలుగు మూలలా చల్లాను. కొత్త గ్యాసు పొయ్యి మీద కూడా చల్లాను. గియాంతో నన్ను వింతగా చూసి, బయటికి వెళ్ళిపోయాడు. నాన్న అప్పుడు లోపలికి అడుగుపెట్టాడు.

కాసేపటికి గుమ్మంలో నీడ పడింది. పొనిది బాబాయి. చేతిలో ఖాళీ సీసా. లోపలికి రాలేదు. నాన్న కూర్చున్న వైపు పొరపాటున కూడా చూడలేదు.

"మూర్యాతీ, ఆ నీళ్ళు కాసిని ఉన్నాయామ్మా?" అన్నాడు. "మీ పిన్ని గదిలోకి రానంటోంది."

నేను క్యాను అందుకోబోయాను. నాన్న లేచాడు. చేతులు కడుక్కున్నాడు. సంచీలోంచి తలగుడ్డ తీసి బిగించి కట్టుకున్నాడు. వచ్చి క్యాను ఎత్తి, చుక్క కింద పడకుండా, కోటలో పోసినట్టే పోశాడు. బాబాయి సీసాని రెండు చేతులతో పట్టుకుని, నడుం వంచి అందుకున్నాడు. తర్వాత దాన్ని గుండెకి ఆనించుకుని నాతో, "మీ నాన్నతో చెప్పమ్మా, నేను ఆయనతో మాట్లాడనని," అన్నాడు.

బాబాయి వెళ్ళాక ఇంకొకరు వచ్చారు. తర్వాత ఇంకొకరు. గ్లాసులు, చెంబులు, ఒకావిడ పసిపిల్ల పాలసీసా తెచ్చింది. ఒక్కరూ నాన్నని పలకరించలేదు. ఒక్కరూ వంగకుండా పుచ్చుకోలేదు. సంతకానికి కలిసిరాని పది ఇళ్ళవాళ్ళూ నీళ్ళకి వచ్చారు. నేను మూత పట్టుకుని నాన్న పక్కన నిలబడ్డాను.

ఆఖరి మనిషి వెళ్ళాక క్యాను తలకిందులు చేసి చూశాను. అడుగున ఏమీ లేదు.

"అందరికీ అందాయా తల్లీ?" అన్నాడు నాన్న.

అందాయని చెప్పాను.